అప్పు మన పేరున ఉంటే తాళంచెవి మన చేతిలోనే ఉండాలె

(2024–25 వార్షిక సర్వసభ్య సమావేశంలో రుణాల ఉపసంఘం తరఫున ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మారకుండా అచ్చు వేస్తున్నాం.)



నాకు ఇచ్చిన అంశం చిన్న ఎలక్ట్రిక్ బండ్లు. మునుపు మన సంఘాల్లో అప్పు అంటే కుట్టుమిషను, కిరాణా డబ్బా, టిఫిన్ బండి, పిల్లల ఫీజు, ఇంట్లో పెండ్లి. ఇప్పుడు నెల నెల మీటింగులో "ఛార్జింగ్ స్కూటీకి అప్పు ఇస్తరా అక్కా?" అనే మాట వినబడుతోంది. అడగడంలో తప్పులేదు. ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుసు.

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు మాదాపూర్ చుట్టూ రాళ్ళు, గుట్టలే ఎక్కువ. తర్వాత ఒకటి తర్వాత ఒకటి ఆఫీసులు వచ్చాయి. ఆ ఆఫీసుల్లో ఊడ్చేది, తుడిచేది, క్యాంటీన్లో వండేది, పిల్లల్ని చూసేది, అపార్ట్‌మెంట్లలో రెండు మూడు ఇండ్లు చేసేది మనమే. పని దగ్గరికి వచ్చింది, కిరాయిలు మాత్రం మనల్ని దూరం జరిపాయి. బోరబండ, మియాపూర్, చందానగర్, లింగంపల్లి వైపు పోయాం. ఇప్పుడు పొద్దున ఆరున్నరకు గచ్చిబౌలిలో డ్యూటీ అంటే ఐదింటికి ఇంట్లో నుంచి బయటపడాలి. అందుకే బండి అడుగుతున్నాం.

అప్పు ఇచ్చే ముందు ఏ బండి, ఎవరికి, ఎంతకు, ఎవరి పేరున అని మన ఉపసంఘం కూర్చొని ఆలోచించింది. అదే మీ ముందు పెడుతున్నాను. నేను చెప్పే ధరలు, రాయితీలు 2025 జూన్ నాటివి. మేము ఏ కంపెనీ తరఫునా మాట్లాడటం లేదు.

ముందు బస్సు సంగతి

బండి గురించి చెప్పమంటే బస్సు గురించి మొదలుపెట్టిందేమిటి అనుకోవద్దు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ లేదు. ఐటీ కారిడార్‌లో పనిచేసే ఆడవాళ్ళ కోసం షీ షటిల్ బస్సులు 2015 నుంచి తిరుగుతున్నాయి, వాటికీ పైసలు లేవు. లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ స్టేషన్లను కలుపుతూ ఎంఎంటీఎస్ రైలు ఉంది, టికెట్ కూడా తక్కువే.

కాబట్టి మీ ఇంటి దగ్గర బస్సు ఎక్కితే పని దగ్గర దిగేటట్టు ఉంటే, డ్యూటీ టైముకు బస్సు ఉంటే, బండి కోసం అప్పు చేయొద్దు. నెలకు సున్నా ఖర్చుతో జరిగే పనికి మూడువేల కిస్తీ ఎందుకు? ఆ అప్పును వేరే ఆదాయానికి పెట్టుకుందాం.

మరి బండి ఎవరికి కావాలి? బస్సు మొదలుకాక ముందే డ్యూటీ ఎక్కేవాళ్ళకు. బస్సు దిగి ఇంకా రెండు కిలోమీటర్లు నడవాల్సిన వాళ్ళకు, లేదా రోజూ షేర్ ఆటోకు, బైక్ ట్యాక్సీకి పైసలు పెట్టేవాళ్ళకు. పొద్దున కొండాపూర్‌లో ఒక ఇల్లు, పదింటికి మాదాపూర్‌లో ఇంకో ఇల్లు చేసేవాళ్ళకు. టిఫిన్ డబ్బాలు, కుట్టిన బట్టలు, పచ్చళ్ళు ఇంటింటికీ ఇచ్చొచ్చేవాళ్ళకు. వీళ్ళకు బండి వల్ల రోజుకు గంటన్నర, రెండు గంటలు మిగిలితే ఆ టైములో ఇంకో ఇల్లు ఒప్పుకోవచ్చు, లేదా పిల్లల దగ్గర కూర్చోవచ్చు. రెండూ లాభమే.

నాలుగు రకాల బండ్లు

షోరూంలో అన్నింటినీ "ఎలక్ట్రిక్" అనే అంటారు. నిజానికి నాలుగు రకాలు ఉన్నాయి. వాటి చట్టం వేరు, పని వేరు.

ఒకటి, నిలబడి నడిపే చిన్న స్కూటర్. గేటెడ్ కమ్యూనిటీల్లో పిల్లలు దీనిమీద తిరగడం మీరు చూసే ఉంటారు. చక్రాలు చిన్నవి. లోపలి నున్నటి రోడ్డు మీద సరదాకు సరిపోతుంది. మన గల్లీ గుంతలో ముందు చక్రం దిగబడితే మనిషి ఎగిరి పడుతుంది. మన పనికి ఇది పనికిరాదు.

రెండు, ఎలక్ట్రిక్ సైకిల్. తొక్కుతుంటే మోటారు సాయం చేస్తుంది, బ్యాటరీ అయిపోతే మామూలు సైకిల్ లాగే తొక్కుకొని ఇంటికి రావచ్చు. ధర సుమారు పాతిక వేల నుంచి నలభై ఐదు వేల దాకా. ఒకసారి నింపడానికి అర యూనిట్ కరెంటు కూడా పట్టదు. మూడు నాలుగు కిలోమీటర్ల లోపల పని ఉన్నవాళ్ళకు ఇది మంచి బండి. లైసెన్స్ అక్కరలేదు. బరువు తక్కువ కనుక మెట్ల కింద పెట్టుకోవచ్చు. కానీ వెనక ఇంకొకరిని, పెద్ద మూటను ఎక్కించలేం.

మూడు, నంబరు ప్లేటు లేని చిన్న స్కూటర్. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే చట్టం దాన్ని మోటారు వాహనంగా లెక్కపెట్టదు. రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కరలేదు. అందుకే "లైసెన్స్ లేకున్నా నడపొచ్చు మేడమ్" అని అమ్ముతారు. మాట నిజమే. అయితే రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఇటువంటి బండ్లలో చవకవాటికి సీసం బ్యాటరీ ఉంటుంది. బరువెక్కువ, రెండేండ్లు తిరక్కముందే దిగిపోయేవి చాలా ఉంటాయి. రెండోది, కొంతమంది డీలర్లు "తాళం తీస్తే 45 పోతుంది" అంటారు. అట్లా తీసిన బండి చట్టం ముందు రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం అయిపోతుంది. ఏదన్నా యాక్సిడెంటు జరిగితే ఇన్సూరెన్స్ ఉండదు, కేసు మన మీదికి వస్తుంది. ఇంకో మాట, జూబ్లీహిల్స్ వైపు ఎత్తు, ఖాజాగూడ ఎత్తు, ఫ్లైఓవర్ ఎత్తు ఇద్దరిని కూర్చోబెట్టుకొని ఎక్కాలంటే 250 వాట్ల మోటారుకు ఆయాసం వస్తుంది. వెనక కార్లు హారన్ కొడుతుంటే మనకూ ఆయాసమే. బస్తీ లోపల, సర్వీసు రోడ్డు మీద తిరిగేవాళ్ళకు మాత్రమే ఇది సరి.

నాలుగు, నంబరు ప్లేటు ఉన్న పూర్తి స్కూటర్. రోజూ ఎనిమిది పది కిలోమీటర్లు మెయిన్ రోడ్డు మీద పోయేవాళ్ళకు ఇదే సరైనది. ధర సుమారు 85 వేల నుంచి లక్షన్నర దాకా ఉంది. దీనికి లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్, హెల్మెట్ అన్నీ కావాలి. పద్దెనిమిది నిండని పిల్లవాడి చేతికి ఇస్తే బండి ఓనరుకు, తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేండ్ల దాకా జైలు శిక్ష పడే చట్టం ఉంది. "కొడుకు ట్యూషన్‌కు తీస్కపోతడు" అని అడిగేవాళ్ళు ఈ మాట బాగా వినాలి.

ఈ నాలుగో రకంలో ఏ బండి?

బ్యాటరీ ఎంత పెద్దదో కిలోవాట్ అవర్లలో చెబుతారు. భయపడొద్దు. మన కరెంటు మీటరు మీద యూనిట్ అంటే అదే. రెండున్నర కిలోవాట్ అవర్ బ్యాటరీ అంటే రెండున్నర యూనిట్ల కరెంటు పట్టే డబ్బా అన్నమాట.

ఒక యూనిట్‌కు స్కూటర్ సుమారు 25 నుంచి 30 కిలోమీటర్లు నడుస్తుంది. కంపెనీ కాగితంలో ఇంకా ఎక్కువ రాస్తారు. అది పరీక్షలో ఒకరు ఎక్కి నడిపిన లెక్క. మీరు అందులో నాలుగో వంతు తీసేసి చూసుకోండి. వెనక మనిషి ఉంటే, ఎత్తు ఉంటే ఇంకా తగ్గుతుంది. చందానగర్ నుంచి హైటెక్ సిటీకి పోయి రావడం, మధ్యలో కూరగాయలు, బడి అన్నీ కలిపినా రోజుకు పాతిక కిలోమీటర్లు. రెండు యూనిట్ల బ్యాటరీ అయినా రెండు రోజులు వస్తుంది. అవసరం లేని పెద్ద బ్యాటరీకి ముప్పై వేలు ఎక్కువ పెట్టడం అంటే రోజూ ఖాళీగా మోసే మూటకు వడ్డీ కట్టడమే.

టీవీఎస్ ఐక్యూబ్ 2.2 యూనిట్ల బ్యాటరీ నుంచి మొదలవుతుంది. బజాజ్ చేతక్‌కు లోహపు బాడీ. ఏథర్ రిజ్తా 2024 ఏప్రిల్‌లో వచ్చింది, కుటుంబం కోసం చేసిన వెడల్పాటి సీటు. సీటు కింద 34 లీటర్ల చోటు ఉంది. ముందు పెట్టె కూడా పెట్టించుకుంటే మొత్తం 56 లీటర్లు అవుతుంది. డబ్బాలు, బట్టలు మోసేవాళ్ళు ఇది చూసుకోవచ్చు. హీరో విడాలో బ్యాటరీ బయటికి తీయవచ్చు. రెండో అంతస్తులో కిరాయికి ఉండి, కింద ప్లగ్గు లేనివాళ్ళకు ఇది ముఖ్యం. కాకపోతే ఒక్కో బ్యాటరీ పది కిలోల పైనే ఉంటుంది. రోజూ మెట్లు ఎక్కించగలరా అని చూసుకోండి. హోండా క్యూసీ1 చిన్నది. బ్యాటరీ 1.5 యూనిట్లు, వేగం గంటకు 50 కిలోమీటర్లు, బ్యాటరీ బయటికి రాదు. ఓలాలో కూడా తక్కువ ధర రకాలు ఉన్నాయి.

ఏది మంచిది అని నన్ను అడిగితే పేరు చెప్పను. బండి దగ్గరికి పోయి మీరే చేయాల్సిన పనులు చెబుతాను. చీర కట్టుకొని కూర్చొని చూడండి. రెండు కాళ్ళూ నేలకు ఆనాలి. వీటిలో చాలావరకు వంద కిలోలు దాటే బండ్లే. సెంటర్ స్టాండ్ మీకు మీరే వేసి చూడండి, ఇరుకు గల్లీలో వెనక్కి తోసి చూడండి. వెనక ఇంకొకరిని కూర్చోబెట్టుకొని ఫ్లైఓవర్ ఎక్కి చూడండి. ఇవన్నీ మీరే చేయాలి. ఇంట్లో మగవాళ్ళు ట్రయల్ చూసి "బాగుంది" అంటే కుదరదు.

తర్వాత సర్వీసు సెంటర్‌కు పొండి. షోరూం అద్దాల్లో అన్నీ మెరుస్తాయి. సర్వీసు సెంటర్ వెనక ఎన్ని బండ్లు దుమ్ము పట్టి నిలబడి ఉన్నాయో లెక్కపెట్టండి. అక్కడ బండి తీసుకోవడానికి వచ్చిన ఇద్దరిని "ఎన్ని రోజులైంది ఇచ్చి?" అని అడగండి. బండి పది రోజులు షెడ్డులో ఉంటే ఆ పది రోజులూ మన కూలి పోతుంది.

పైసల లెక్క

నెలకు 26 రోజులు, రోజుకు 25 కిలోమీటర్లు అనుకుందాం. మొత్తం 650 కిలోమీటర్లు. పెట్రోలు స్కూటీ లీటరుకు 45 ఇస్తే 14 లీటర్ల పైన పడుతుంది. హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల పైచిలుకు. నెలకు సుమారు 1,550. అదే ఎలక్ట్రిక్ అయితే ఛార్జింగ్‌లో పోయే నష్టం కలిపి సుమారు 25 యూనిట్లు. యూనిట్ 4 రూపాయల 80 పైసలైతే 120 రూపాయలు, 7 రూపాయల 70 పైసలైతే 190 రూపాయల పైన. అంటే నెలకు సుమారు 1,400 మిగులుతుంది.

ఇప్పుడు కిస్తీ చూడండి. 90,000 అప్పు, నూటికి నెలకు రూపాయి వడ్డీ, కట్టినకొద్దీ తగ్గే బాకీ మీద. 36 నెలలైతే నెలకు సుమారు 2,990. మొత్తం వడ్డీ సుమారు 17,600. 24 నెలలైతే నెలకు సుమారు 4,240. వడ్డీ 11,700 దగ్గర.

దీన్ని బట్టి మూడు మాటలు. నడిచే పెట్రోలు స్కూటీ ఇంట్లో ఉన్నవాళ్ళు పెట్రోలు మిగులుతుందని దాన్ని అమ్మి కొత్తది కొనొద్దు. 1,400 మిగులు, 2,990 కిస్తీ. పాతది మూలకు పడ్డాక చూసుకోవచ్చు. ఎట్లాగూ కొత్త బండి కొనాలి అనుకునేవాళ్ళకు ఎలక్ట్రిక్కే లాభం. ఇప్పుడు బస్సులో పోయేవాళ్ళకు పెట్రోలు మిగులు లెక్కే లేదు, వాళ్ళు మిగిలే టైముకు ఎంత సంపాదన వస్తుందో రాసి చూసుకోవాలి. నెలకు మూడువేల పైన కొత్త సంపాదన కనబడితేనే దరఖాస్తు ఇవ్వండి.

షోరూంలోనే ఫైనాన్స్ ఇస్తామంటారు. "పన్నెండు శాతమే మేడమ్" అంటారు. ఫ్లాటా, తగ్గే బాకీయా అని అడగండి. ఫ్లాట్ అంటే మొదటి నెల బాకీ మీదే చివరిదాకా వడ్డీ. అదే 90,000కు అదే పన్నెండు శాతం ఫ్లాట్ అయితే మూడేండ్లకు 32,400 వడ్డీ. మన లెక్కలో 17,600. పేరు ఒక్కటే, తేడా దాదాపు 15,000. పాస్‌బుక్ రాసే మన సంఘాలకు ఈ లెక్క కొత్త కాదు, షోరూంలో కూర్చున్నప్పుడు మరిచిపోవద్దు.

రాయితీల సంగతి. మన రాష్ట్రంలో 2024 నవంబర్ 18 నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఇది 2026 డిసెంబర్ 31 దాకా ఉంది. బిల్లులో ఆ పేరుతో పైసలు వేస్తే ఎందుకని అడగండి. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ కింద ఇచ్చే రాయితీ 2025 ఏప్రిల్ నుంచి తగ్గింది. బ్యాటరీ యూనిట్‌కు 2,500, బండికి 5,000 మించదు. అది కొనే మనిషి ఆధార్ మీద వస్తుంది, ఒక ఆధార్‌కు ఒకటే బండి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీని పని ఉంది.

ఇంటి మీటరు

దీన్ని ఎవరూ చెప్పరు, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి మనలో చాలామందికి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. 200 దాటిన నెల మాత్రం మొత్తం బిల్లు కట్టాలి. ఎండాకాలంలో కూలరు, ఫ్రిజ్జు కలిపి 185 యూనిట్లు కాలింది అనుకోండి. స్కూటర్‌వి 25 కలిపితే 210. అప్పుడు మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020, మిగతా పదికి 77, పైన ఇతర ఛార్జీలు. పది యూనిట్ల కోసం వెయ్యి దాటిన బిల్లు.

కాబట్టి పోయిన ఏడాది పన్నెండు నెలల బిల్లులు ముందేసుకొని చూడండి. 170 లోపు ఉంటే ఇబ్బంది లేదు. 180 దాటే నెలల్లో మీటరు చూసుకుంటూ ఉండాలి, పని దగ్గర ఛార్జింగ్‌కు ఒప్పుకుంటారేమో అడగాలి. రెండు మూడు ఇండ్లకు ఒకే మీటరు ఉన్నవాళ్ళు, ఇంటి ఓనరు ఒప్పుకోనివాళ్ళు ఈ సంగతి తేల్చుకున్నాకే బండి మాట ఎత్తాలి. బయట ఛార్జింగ్ పాయింట్లు ఉన్నాయి కానీ ఒక కంపెనీ ఫాస్ట్ ఛార్జర్ ప్లగ్గు ఇంకో కంపెనీ బండికి పట్టకపోవచ్చు. రేటు కూడా ఇంటికంటే ఎక్కువ. వాటినే నమ్ముకొని కొనొద్దు.

నిప్పు, నీళ్ళు

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక ఇంట్లో, విజయవాడలో ఒక ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి మనుషులు చనిపోయారు. ఆ ఏడాదే సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న హోటల్ భవనంలో మంటలు లేచి 8 మంది పోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. గ్యాస్ సిలిండర్ వచ్చిన కొత్తలో కూడా మన అమ్మలు జాగ్రత్త నేర్చుకొనే వాడుకున్నారు.

ఆ ప్రమాదాల తర్వాత కేంద్రం బ్యాటరీ పరీక్షలు కఠినం చేసింది. కొత్త నియమాలు రెండు విడతలుగా 2022 డిసెంబర్ నుంచి, 2023 మార్చి ఆఖరు నుంచి అమల్లోకి వచ్చాయి. అందుకే 2023కు ముందు తయారైన సెకండ్ హ్యాండ్ బండి చవకగా వస్తుందని తీసుకోవద్దు. అటువంటి వాటికి మన సమాఖ్య అప్పు ఇవ్వకపోవడమే మంచిదని ఉపసంఘం మాట.

ఇంట్లో పాటించాల్సినవి. పడుకునే గదిలో ఛార్జింగ్ పెట్టొద్దు. మెట్ల దగ్గర, బయటికి పోయే దారిలో పెట్టొద్దు. మంట లేస్తే మనం బయటికి రావాల్సింది ఆ దారినే. రాత్రంతా వదిలి నిద్రపోవద్దు. బండి నడిపి రాగానే పెట్టకుండా అరగంట చల్లారనివ్వండి. కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. బ్యాటరీ ఉబ్బినా, వాసన వచ్చినా, కింద పడ్డా సర్వీసు సెంటర్‌కు చూపించకుండా ఛార్జింగ్ పెట్టొద్దు.

వానాకాలం. బయోడైవర్సిటీ చౌరస్తా దగ్గర, హైటెక్ సిటీ రైలు బ్రిడ్జి కింద నీళ్ళు నిలిస్తే ఎట్లుంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మంచి బండ్ల బ్యాటరీకి ఐపీ 67 అనే గుర్తు ఉంటుంది, నీళ్ళు తగిలినా లోపలికి పోకుండా కట్టినదని అర్థం. అంతమాత్రాన మోకాలి లోతు నీళ్ళలో దింపమని కాదు. నీళ్ళలో మునిగిన బండిని ఆరకుండా ఛార్జింగ్ పెట్టకూడదు.

సరదా కూడా లెక్కలోదే

ఇంతసేపూ ఖర్చు, భయం చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఎలక్ట్రిక్ కార్ల పందెం ఫార్ములా ఈ జరిగింది. అది పైసలున్నవాళ్ళ సరదా. మన సరదా వేరు. డ్యూటీ అయ్యాక ఎవరినీ అడగకుండా, ఎవరి కోసం ఎదురుచూడకుండా దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీదుగా చల్లగాలిలో ఇంటికి రావడం. ఆదివారం బిడ్డను వెనక కూర్చోబెట్టుకొని శిల్పారామం పోవడం. 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. ఒక భాగం నానక్‌రామ్‌గూడ నుంచి, ఇంకోటి నార్సింగి నుంచి కొల్లూరు దాకా. సైకిల్ తీసుకున్న చెల్లెండ్లు ఎండ తగలకుండా అక్కడ తొక్కవచ్చు.

కొంతమంది "సరదాకు అప్పు ఎందుకు?" అంటారు. సరదా కోసమే అప్పు వద్దు, నిజమే. కానీ పనికోసం తీసుకున్న బండి మీద ఆడమనిషి ఒక గంట తన ఇష్టానికి తిరిగితే అది దుబారా కాదు. మగవాళ్ళ బండ్లు పాన్ డబ్బా దగ్గర గంటలు గంటలు నిలబడితే ఎవరన్నా లెక్క అడిగారా?

చివరి మాట, ముఖ్యమైన మాట

మన సంఘాల్లో తరచు జరిగేది మనందరికీ తెలుసు. అప్పు ఆమె పేరున. కిస్తీ ఆమె జీతంలోంచి. పొదుపు ఆమెది, సంతకం ఆమెది, గ్రూపు అందరి పూచీ. బండి మాత్రం ఆయన తీసుకుపోతాడు. ఆమె మళ్ళీ ఐదింటికి లేచి బస్టాపులో నిలబడుతుంది. అడిగితే "నాకు రాదు గదా అక్కా, ఆయన దింపుతా అన్నడు" అంటుంది. మొదటి వారం దింపుతాడు. తర్వాత బండి ఆయన డ్యూటీది అయిపోతుంది. కిస్తీ మాత్రం ఆమెదే.

మన సమాఖ్య ఇచ్చే అప్పు ఆడవాళ్ళ చేతిలో పైసలు, టైము మిగిల్చడానికి. ఆ టైము మిగలకపోతే కిస్తీ కట్టే దారి కూడా ఉండదు. కిస్తీ ఆగితే ఆమెతోపాటు గ్రూపు మొత్తానికి బ్యాంకులో చెడ్డపేరు. అందుకే రుణాల ఉపసంఘం మీ ముందు ఈ తీర్మానం పెడుతోంది.

మొదటిది, బండి అప్పు తీసుకునే సభ్యురాలి పేరునే ఆర్సీ, ఇన్సూరెన్స్, రాయితీ ఉండాలి. రాయితీ ఎట్లాగూ కొనే మనిషి ఆధార్ మీదే వస్తుంది గనుక ఇది కష్టం కాదు. రెండోది, నంబరు ప్లేటు బండికి అప్పు మంజూరు కావాలంటే ఆ సభ్యురాలికి కనీసం లెర్నింగ్ లైసెన్స్ ఉండాలి. గేరు లేని బండి లైసెన్స్ చాలు. మూడోది, పన్నెండు నెలల కరెంటు బిల్లులు, ఇంటి ఓనరు ఒప్పుకోలు, మిగిలే టైముతో వచ్చే సంపాదన లెక్క దరఖాస్తుతో జతచేయాలి. నాలుగోది, హెల్మెట్లు రెండు అప్పులోనే కొనాలి, ఒకటి నడిపేవాళ్ళకు, ఒకటి వెనక కూర్చునేవాళ్ళకు.

"నడపడం రాదు" అనేవాళ్ళ కోసం ఒక మాట. మన ఊళ్ళోనే మోవో అనే సంస్థ ఆడవాళ్ళకు బండి నడపడం నేర్పుతోంది. మన దగ్గర కూడా ఇప్పటికే నడిపే అక్కలు ప్రతి బస్తీలో ఒకరిద్దరు ఉన్నారు. ఆదివారం పొద్దున ఖాళీ గ్రౌండులో గంట చొప్పున నేర్పితే నెలకు పదిమంది తయారవుతారు. ఎలక్ట్రిక్ బండికి గేరు లేదు, క్లచ్ లేదు, కిక్ లేదు. బ్యాలెన్స్ ఒక్కటి వస్తే సగం వచ్చినట్టే. రొట్టె కాల్చడం పుట్టుకతో ఎవరికీ రాలేదు, ఇదీ అంతే.

"ఇంట్లో గొడవ అవుతది అక్కా" అనేవాళ్ళకు కూడా చెబుతున్నాను. గొడవ అవుతుంది, కాదని నేను అనను. ఆ గొడవలో మీకొక ఆసరా ఉండాలనే ఇది తీర్మానంగా పెడుతున్నాం. "నేను కాదు, సమాఖ్య రూలు అట్లుంది" అని చెప్పండి. మేము పడతాం ఆ మాట. ఆయనకు బండి కావాలంటే ఆయన పేరున ఆయన అప్పు చేసుకోవచ్చు, దానికి మనం అడ్డం కాదు. ఇద్దరూ వాడుకునే ఇండ్లు కూడా ఉన్నాయి, సంతోషం. కానీ పొద్దున మీ డ్యూటీ టైముకు తాళంచెవి మీ కొంగున ఉండాలి.

ఈ తీర్మానాన్ని బలపరిచేవాళ్ళు చెయ్యి ఎత్తాలని కోరుతున్నాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు మైకు దగ్గరికి వచ్చి చెప్పండి, రాసుకుంటాం, అవసరమైతే మారుస్తాం.